నర్సమ్మ పడవకు కోతల మావ బేరం

రేవు వీధిలో క్షౌరశాల నడిపే ఆయన్ని అందరూ కోతల మావ అనేవారు. జుట్టు కత్తిరిస్తాడని వచ్చిన పేరు కాదది. మెడ చుట్టూ గుడ్డ కట్టి కుర్చీలో కూర్చోబెట్టాక మనిషి ఎక్కడికీ పోలేడు. అప్పుడు మొదలుపెట్టేవాడు, నడిసముద్రంలో తాను పట్టిన చేపల సంగతి. ఒక్కో క్రాఫుకి ఒక్కో చేప. గడ్డం కూడా గీయించుకుంటే చేపతోపాటు తుఫాను. నిజానికి మావ రేవుగట్టు మీద కూర్చుని గాలం వేయడమే తప్ప సముద్రంలోకి వెళ్ళి ఎరగడు.

ఒకరోజు సొంత బావమరిది, సరుకుల వ్యాను నడిపేవాడు, మొహం నిండా సబ్బు నురగతో అడిగేశాడు.

"బావా, ఇన్నేళ్ళుగా వింటున్నాను. ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళరాదూ?"

"పడవ నాది కాదురా, స్నేహితుడిది..."

"ఏ స్నేహితుడు?"

వరసలో కూర్చున్నవాళ్ళు పేపర్లు కిందకి దించారు. అప్పుడు మావ నోట వచ్చిన మాట రాకపోయినా బాగుండేది.

"వాడిదెందుకు? నేనే ఒకటి కొంటున్నాను."

ఆ సాయంత్రం కుట్టుమిషను ముందు కూర్చున్న భార్యకి సంగతి చెప్పుకున్నాడు. ఆమె పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "పోనీండి, ఇన్నాళ్ళకి మీ మాట ఒక్కటైనా నిజం చేసుకుందాం. దుకాణంలో కొత్త కుర్చీలు ఇంకో రెండేళ్ళు ఆగుతాయి" అంది. మావ గతుక్కుమన్నాడు. ఆమె వద్దంటుందనే ధైర్యంతోనే ఇంటికొచ్చాడు మరి.

పడవ అమ్మకానికి ఉన్నది ఊరి చివర, ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఇంట్లో. పెరట్లో రేకుల షెడ్డు కింద, ట్రైలరు మీద, తెల్లటి గుడ్డ కప్పుకుని ఉంది. సెంటర్ కన్సోల్ రకం. స్టీరింగు నడిమధ్యలో ఉంటుంది, చుట్టూ ఎటైనా తిరుగుతూ గాలం లాగవచ్చు.

"చెప్పులు బయట" అంది నర్సమ్మ.

ఎక్కి చూస్తే ఎక్కడా ఉప్పు మరక లేదు. మరమేకుల తలలు కూడా తళతళలాడుతున్నాయి. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ ఇంజనుకి మంచినీళ్ళు పట్టించి కడిగేదట. మోకాళ్ళు అరిగాయి, అలల మీద ఎగిరిపడొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి అమ్ముతోంది కానీ, లేకపోతే ఇచ్చేది కాదు. కొనడానికొచ్చిన ముగ్గురిని అప్పటికే వెనక్కి పంపేసింది కూడా.

మావ భార్య సీటు దిండ్లు తిరగేసి కుట్లు చూసింది. "నైలాను దారం, రెండు వరసల కుట్టు. ఎవరు కుట్టారు పిన్నిగారూ?"

"నేనే అమ్మా. కుట్లు వేయడం నాకు కొత్తా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. తనని ఎవరూ పట్టించుకోకపోయేసరికి మావకి ఉక్రోషం వచ్చింది. వంగి పడవ అడుగుని రెండు తట్లు తట్టి, ఇంజను మూత దగ్గర వాసన చూసి, "ఊఁ" అన్నాడు.

నర్సమ్మ ఓరగా చూసింది. "బాగా అనుభవం ఉన్నట్టుందే! దీనికి ఆటుపోటు వాల్వు ఎడమవైపు ఉంటుంది బాబూ. మీకు ఇబ్బందేమో?"

"అబ్బే, ఎడమవైపయితేనే నా చేతికి వీలు."

"నూనె ఏది పోస్తారు దానికి?"

"ఆముదం. చలికాలమైతే కాస్త వేడిచేసి."

"అలాంటి వాల్వు లోకంలోనే లేదు" అంది నర్సమ్మ తాపీగా. "జబ్బు నటించేవాళ్ళని చూస్తూ చూస్తూ తల నెరిసింది నాకు. రేపు పొద్దున్న రండి, నీళ్ళ మీద చూద్దాం."

మర్నాడు మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుని తనే వెంట వచ్చింది. రేవు దాటీ దాటగానే మావ మొహం పాలిపోయింది. పక్కకి వంగి పొద్దున్న తాగిన కాఫీతో సహా తిన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాడు. ఈలోగా భార్య స్టీరింగు పట్టుకుంది. అల వచ్చినప్పుడల్లా కుట్టుమిషను తొక్కినంత నెమ్మదిగా వేగం తగ్గిస్తూ, పడవని ఏటవాలుగా దాటిస్తోంది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్?"

"జారిపోయే పట్టుగుడ్డ కుట్టినట్టే ఉంది పిన్నిగారూ. తోసేస్తే ముడతలు పడుతుంది."

ఒడ్డుకి రాగానే నర్సమ్మ తేల్చి చెప్పింది. "అమ్ముతాను. కానీ కాగితాలు అమ్మాయి పేరు మీదే రాయాలి."

మావ తల ఎత్తే స్థితిలో లేడు. చెయ్యి మాత్రం ఎత్తి సరేనన్నాడు.

ఆ తరవాత ప్రతి సెలవు రోజూ భార్య పడవ నడిపేది, మావ కక్కుకునేవాడు. దూరంగా ఆకాశం అంచునే చూస్తూ అల్లం ముక్క నములుతూ ఉండమంది నర్సమ్మ. మెల్లగా కడుపు దారికొచ్చింది. అప్పుడు పిలిచాడు బావమరిదిని.

ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళేసరికి బావమరిది బకెట్టులో తల దూర్చేశాడు. సరిగ్గా అప్పుడే గాలం వంగింది. మావ నడుం పడవ అంచుకి ఆనించి లాగాడు. చేప పడవ చుట్టూ తిరిగితే తనూ తిరిగాడు. చివరికి నీలంగా మెరుస్తూ పెద్ద సూర చేప పక్కకే వచ్చింది, గుండ్రటి కన్నుతో మావని చూసింది, ఒక్క గుంజు గుంజి దారం తెంపుకు పోయింది.

"చూశావురా?" అని అరిచాడు మావ.

"ఇంటికి పోదాం బావా" అన్నాడు బావమరిది బకెట్టులోంచి.

మర్నాడు దుకాణంలో మావ జరిగింది జరిగినట్టు చెప్పాడు. తప్పించుకుపోయిందని కూడా దాచలేదు. కుర్చీలో కూర్చున్నాయన ఆవలించాడు. "ఇదివరకటి చేపలే బాగుండేవి మావా" అన్నాడు ఇంకొకాయన. మావకి ఏడుపొక్కటే తక్కువ.

అదే సమయానికి భోజనం క్యారియరు పట్టుకుని భార్య వచ్చింది.

"అత్తా, నిజమేనా? ఎంతుంటుంది?" అని అడిగారు వరసలో కూర్చున్నవాళ్ళు.

ఆమె క్యారియరు కింద పెట్టింది. దుకాణం ఈ గోడనీ ఆ గోడనీ ఒకసారి చూసి, రెండు చేతులూ చాపగలిగినంతా చాపింది.

"ఇది తల మాత్రమే. తోక చూద్దామంటే మలుపు తిరిగిపోయింది" అంది.

అందరూ కుర్చీలు దగ్గరకి లాక్కున్నారు.

"అంత లేదే!" అని మావ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినే నాథుడే లేడు.