ఇటలీ బండితో నిదానం పందెం

ప్రొద్దుటూరులో మాది బంగారు నగల అంగడి. నాకున్న పిచ్చి మాత్రం ఇనుము మీద. బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో తుప్పుపట్టి పడివున్న ఒంటి సిలిండరు ఇటలీ మోటారుసైకిలును చూసి, ముక్కలు ముక్కలుగా మూటగట్టుకుని ఇంటికి తెచ్చాను. దాని వయసు నాకన్నా ఎక్కువ. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే ఇత్తడి జెట్ ఎక్కడా దొరక్కపోతే, మాకు కమ్మలు చేసిచ్చే ఆచారి చేతనే చేయించాను. వెంట్రుకంత రంధ్రం ఆయన పెట్టినట్టు ఏ మెకానిక్కూ పెట్టలేడు.

వేగంలో ఆ బండికి వంక పెట్టేవాడు లేడు. నా తలనొప్పంతా నిదానం పందెంతోనే. ఏటా జమ్మలమడుగులో ఒక మైదానంలో పాత బండ్లవాళ్లం కలుస్తాం. అక్కడ అసలు పోటీ అదే. అందరికన్నా చివర గీత దాటినవాడిదే గెలుపు. కాలు నేలకు ఆనినా, ఇంజను ఆగినా ఆట ముగిసినట్టే. పులివెందుల నుంచి వచ్చే మా బావ, అంటే నా భార్య అన్న, పాత బుల్లెట్‌తో వరసగా మూడేళ్లు గెలిచాడు. ఆయన బండి రోట్లో దంపినట్టు నింపాదిగా కొట్టుకుంటుంది. నాది సగం దారిలో తుమ్మి ఆగిపోతుంది.

"ఏం బావా, మీ ఇటలీ పెండ్లికూతురు మళ్లా అలిగిందా?" అని మూడోసారి అందరి ముందర అడిగాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "వచ్చే ఏడు ఓడితే బండి నీ ఇంటికే తోలుకోనిపో" అనేశాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ ఏడాదంతా నాకు అన్నం సయించలేదు.

పందెం దగ్గరపడేకొద్దీ రోజూ పొద్దున కార్బొరేటర్ స్క్రూ తిప్పుతూ కూర్చునేవాణ్ణి. మిద్దె మీద వంటింట్లోంచి నా భార్య శబ్దం విని చెప్పేది: "ఇంగొంచెం తగ్గించండి. ఆ, ఈడ నిలపండి." ఆమె చెప్పినచోట ఇంజను హాయిగా తిరిగేది. నేనెక్కి నడిపితే మళ్లీ ఆగేది.

ఒకరోజు ఆమె కిందికి దిగివచ్చింది. "తప్పు బండిది కాదు, మీ చేతిది. శానా తొందర మీకు. పందెం నేను నడుపుతా."

చీర కట్టుకుని, స్కూటర్ మీద, అంగళ్ల వీధి జనంలో కాలు కింద పెట్టకుండా రోజూ కూరగాయలు తెచ్చే మనిషి. క్లచ్ అలవాటు కావడానికి వారం పట్టింది.

పందెం రోజు ఆమె కొంగు నడుముకు చెక్కుకుని బండెక్కేసరికి బావ బిత్తరపోయాడు. "నేను పందెం కాసింది బావతో, నీతో కాదు మే!"

"బండి అదే కదన్నా. పా."

గీత ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగా వాళ్లిద్దరే మిగిలారు. బావ ఉండబట్టలేక చెల్లెలి వైపు తల తిప్పాడు. బుల్లెట్ ఒరిగింది, కాలు ఆనింది. ఆమె పక్కకు కూడా చూడకుండా గీత దాటింది. బండి నాకు దక్కింది. చిన్నపిల్లాడిలా ఎగిరాను.

"ఎప్పుడు నేర్చుకుంటివి మే?" అన్నాడు బావ.

"శానా ఏండ్ల నుంచి నడపాలనుకుంటాండా అన్నా. ఆయన ముట్టనిస్తే కదా!"

ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం సిగ్గేసింది. ఆ బండి గుండె చప్పుడు నాకన్నా బాగా తెలిసిన మనిషిని, నడుపుతావా అని నేను ఒక్కనాడూ అడగలేదు. తిరుగుదారిలో హ్యాండిల్ ఆమెకే వదిలి వెనక ఎక్కాను. ఇన్నాళ్లూ ఆమె కూర్చున్న ఆ సీటు ఎంత గట్టిగా ఉంటుందో ప్రొద్దుటూరు చేరేలోపల నాకు తెలిసింది.