కుర్చీలో తీసిన అంకెలు

గత చలికాలంలో నా భార్యకు జలుబుతో మొదలైన జ్వరం మూడో రోజుకు దగ్గులోకి దిగింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. చక్కెర జబ్బు పద్నాలుగేళ్లుగా ఉంది. రాయచూరు పత్తి మార్కెట్‌లో ముప్పై ఒక్క ఏళ్లు తూకం, నాణ్యం చూసినవాణ్ణి కనుక, నోటిమాటను నమ్మే అలవాటు నాకు లేదు. వేలికి తగిలిస్తే రక్తంలోని ఆక్సిజన్ శాతం చూపే చిన్న యంత్రం కొన్నాను. ఉదయం ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఏడు. ఈ మూడు వేళల్లో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, అంకె నిలకడ పడ్డాకే పుస్తకంలో రాసేవాణ్ణి. నాలుగు రోజుల్లో పన్నెండు అంకెలు. ఒక్కటీ తొంభై నాలుగు కంటే తగ్గలేదు.

ఆస్పత్రికి పోదామని కోడలు రెండుసార్లు అంది. మంచాలు నిండిపోయాయని, ఈ అంకెతో అక్కడికి పోతే ఉన్న జబ్బుకు కొత్తది తోడవుతుందని ఆమెకు వివరంగా చెప్పాను.

ఏడో రోజు ఉదయం, గంట ఏడు కొట్టకముందే, కోడలు వచ్చి నా ఎదుట నిలబడింది.

"మామా, మీరు పుస్తకం తీసే యాళ్లకు పావుగంట ముందే అత్తమ్మ పోయి కుర్చీల కూసుంటది. గట్టిగ ఊపిరి తీస్తనే ఉంటది. లెక్క తగ్గితే మీరు భయపడ్తరంట. నడిచినంక పెట్టి చూడున్రి."

భార్య వైపు చూశాను. ఆమె తల వంచుకుంది. మార్కెట్‌లో బోరెం సంచి మూతి దగ్గరి పత్తిని చూసి నేను ఏనాడూ నాణ్యం తేల్చలేదు. మోచేతిదాకా లోపలికి చెయ్యి పెట్టి తీసేవాణ్ణి. ఇంట్లో మాత్రం పైపైన చూశాను. లేచి నడవమన్నాను. వంటింటికి పోయి రావడానికి ఇరవై ఆరు అడుగులు. అంకె ఎనభై ఏడు.

ఆస్పత్రిలో మంచం దొరకడానికి ఐదు గంటలు పట్టింది. అంతవరకు వరండాలో బెంచీ మీదే ఆమె ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఫ్లూ ఊపిరితిత్తులకు పాకిందన్నారు. ఆ వరండాలో పదకొండు మంది ఉన్నారు, అందరూ పెద్దవాళ్లే. మాట సగంలో ఆపి గాలి కోసం నోరు తెరవనివారు వాళ్లలో ఒక్కరూ కనబడలేదు.

ఆస్పత్రిలో చేరిన ఆరో రోజు ఉదయం ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నడిపించి చూస్తే తొంభై రెండు. ఇంకొక్క రోజు ఉంచమని, తొంభై నాలుగు చూడందే కదలనని డాక్టరుతో అన్నాను. ఆయన జాగ్రత్తలన్నీ మరోసారి చెప్పి పక్క మంచానికి వెళ్లారు. నర్సు మటుకు అక్కడే నిలబడింది.

"తాతా, మస్కి నుంచి వచ్చినాయన నిన్న సందెకాడి నుంచి బెంచీ మీదనే ఉన్నడు. గొట్టం తీస్తే ఎనభై నాలుగు. నన్నేం చెయ్యమంటరో మీరే చెప్పున్రి."

సంచి సర్దాను. మేము తలుపు దాటేలోపే ఆమె మంచం మీది దుప్పటి మార్చారు.

ఆస్పత్రి మెట్లు ఇరవై రెండు. చెయ్యి పట్టుకుని దింపుతుంటే తొమ్మిదో మెట్టు మీద ఆమె ఆగింది. ఇంకా ఎన్ని ఉన్నాయని, మాటకూ మాటకూ నడుమ గాలి తీసుకుంటూ అడిగింది. పదమూడు అని చెప్పి, ఆమెతోపాటు అక్కడే నిలబడ్డాను.