కునుకులో చేసిన తర్జుమా

మొన్న మా చర్చిలో ఉజ్జీవం వచ్చిందండీ, భక్తి మళ్లీ రగిలిందన్నమాట. ఎలా వచ్చిందని ఎవర్నడిగినా కళ్లు తుడుచుకుంటూ చెబుతారు. అసలెలా వచ్చిందో మాత్రం ఇద్దరు ముగ్గురికే తెలుసు. అందులో ఒకణ్ణి నేను. టీ తాగుతూ వినండి, బయట అనకండి.

మాది గన్నవరం దగ్గర కాలవగట్టు మీది చర్చి. నా ఉద్యోగం వన్‌టౌన్‌లో మందుల హోల్‌సేల్ కొట్లో. ఇంగ్లీషు నేర్చుకున్నది టాబ్లెట్ డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు చదివి. అందుకే నేను పాపం గురించి తర్జుమా చేస్తే సైడ్ ఎఫెక్టుల గురించి చెప్పినట్టుంటుందని మా ఆవిడ కుమారి అంటుంది. అయినా ఉజ్జీవ సభలకి కేరళ నుంచి పాస్టరుగారొస్తే, ఆయన ఇంగ్లీషుని తెలుగు చెయ్యడానికి పక్కన మైకు పట్టుకుని నిలబడింది నేనే.

ఆయన చెప్పే వాక్యం క్షమాపణ మీద. ముందు వరసలో కుమారి. బాగా వెనక వాళ్ల అన్నయ్య ప్రభుదాసు బావగారు, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. ఏడాదిగా ఆయనకీ నాకూ మాటల్లేవు. కారణమా? వాళ్లమ్మాయి పెళ్లి ఫ్లెక్సీలో నా ఫోటో వెయ్యలేదు. మధ్యలో నలిగింది కుమారి. మొన్న క్రిస్మస్‌కి ఆ ఇంటికీ ఈ ఇంటికీ కేకు మోస్తూ, "ఒక్క పూటైనా ఇద్దరూ ఒక బల్ల మీద తినరా?" అని ఏడ్చింది. సభలకి బయల్దేరేముందు అదే ప్రార్థన చేసింది, నాకు వినపడేలా.

రెండో రోజు సాయంత్రం. నాట్లేసిన మళ్లలో ఆకాశం పడుకుని ఉంది. తడిగాలి. దూరంగా విమానం ఒకటి, చుక్క దారి తప్పినట్టు, మెల్లగా కిందికి దిగుతోంది. పాస్టరుగారిది జోలపాట గొంతు. ఒక మాట అని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆగుతారు. ఆయన మూసినప్పుడల్లా నేనూ మూశాను. ఒకసారి తెరవలేదు.

కాలవ. ఇవతలి గట్టున నేను, అవతలి గట్టున బావగారు. నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. ఎవరో ఒకరు దాటాలి కదా అని ఇద్దరం చూస్తున్నాం.

మోచెయ్యి తగిలింది. పాస్టరుగారు ఏదో అనేసి నావైపు చూస్తున్నారు. సభంతా నావైపే చూస్తోంది. "ఏంటండీ అన్నారు?" అని మైకులో అడగలేను కదా. కలలో మిగిలింది నోట్లోంచి వచ్చేసింది.

"ఎవరితో మాట మానేశారో, లేచి వాళ్ల దగ్గరికి వెళ్లండి."

చాప మీంచి ఒక ముసలమ్మ లేచింది. ఆ తర్వాత ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగా ఉండే ఇద్దరు సంఘపెద్దలు. కుర్చీలు జరిగాయి, ఏడుపులు మొదలయ్యాయి. పాస్టరుగారు అయోమయంగా చూసి గొంతు మీద చెయ్యి పెట్టుకున్నారు.

"దైవజనుడి గొంతు పూడుకుపోతోంది," అని అదీ తర్జుమా చేశాను.

అప్పుడు లేచారు బావగారు. జనంలోంచి నడిచి నావైపే వస్తుంటే నేను ఒకడుగు వెనక్కి వేశాను. స్టేజీ ఎక్కి, చేతిలో గ్లాసు పాస్టరుగారికిచ్చి, నా చెవిలో అన్నారు: "బావా, ఆయనడిగింది మంచినీళ్లు."

ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

సవరించి చెబుదామని మైకెత్తాను. ఆయన అరచేత్తో మూసేశారు. "ఊరుకోవయ్యా. ఇప్పుడు దిద్దితే మళ్లీ ఎవరి కుర్చీలోకి వాళ్లు పోతారు."

కింద నుంచి కుమారికి మేం కావలించుకోబోతున్నట్టు కనపడిందట. దాని మొహం చూశాక ఇంక తప్పలేదు, కావలించుకున్నాం.

ఇంటికెళ్లి ఒకే బల్ల మీద తిన్నాం. పప్పు దగ్గర బావగారు నా మొదటి రోజు తర్జుమాలో తప్పులు మొదలుపెట్టారు. పెరుగన్నం దాకా ఆ ఒక్క రోజువే. "ఎన్ని మాటలు దాచుకున్నారో పాపం," అని కుమారి మురిసిపోయింది. నేను తల వంచుకుని తిన్నాను.

రెండో రోజు తప్పులకి పొద్దున్నే టిఫినుకొస్తానన్నారు.