ఆషాఢంల మూసిన అల్మారా

కూసో బిడ్డా. జర దగ్గరికి జరిగి సరిగ్గ విను. నేను చెప్పింది చెప్పినట్టు ఫోన్ల రాయి, మధ్యల నవ్వకు. మీ అమ్మ మన ఇంటికి కోడలుగ వచ్చిన ఏటికెళ్లి నా భుజం మీద ఒక తడి గొంగడి ఉన్నది. ఇంతవరకు దించలే.

మొన్న ఈ మొయినాబాద్ ఇంట్ల గోడ అల్మారాకు బూజు పట్టిందని మీ అమ్మ పొద్దంత తుడిచింది, చూసినవు గదా. వేపాకు పెట్టింది, సున్నపు ముక్కలు పెట్టింది. గోడ అవతల బాత్రూం, చెమ్మ ఎక్కుతది. ఆమె తప్పేమున్నది? అయినా "నా చేతులే గిట్లాంటియి అత్తమ్మా" అన్నది. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే.

అప్పుడు మనం చేవెళ్లల ఉంటిమి. కొత్త కోడలు. ఆషాఢంల అత్తా కోడలు ఒక్క ఇంట్ల ఉండొద్దని పుట్టింటికి పంపినం. పొయ్యేనాడు పొద్దున కూడ బట్టలు పిండి ఆరేసి, మడిచి అల్మారల పెట్టిపోయింది. అందుల వాళ్లమ్మ పెండ్లినాటి పట్టుచీర ఉండె. బిడ్డ కోసమని దాచి దాచి ఇచ్చిన చీర.

ఆమె పోయినంక వాన పట్టింది. నేను గొంగడి కప్పుకొని కూరగాయల అంగడికి పోయి, నిండ తడిసి వెనుక తలుపుకెళ్లి వచ్చిన. ముందట వాకిట్ల బోనాలకు పిలిచిన నా ఆడబిడ్డలు దిగుతున్నరు. ఇంట్ల కాలు పెట్టకముందే ముక్కు మూసుకునేటోళ్లు. తడి గొంగడంటే మేకల దొడ్డి వాసన. ఎక్కడ దాయాలె? చేతికందింది కోడలి అల్మారా. లోపలికి తోసి తలుపు మూసిన. పండుగ పనుల మరిచిపోయిన.

యాదికొచ్చి తెరిస్తే గొంగడి మీద తెల్లగ బూజు. కిందున్న పట్టుచీర నిండ నల్ల మచ్చలు. గొంగడి తీసి ఉతికి ఆరేసిన. చీరను ముట్టలే. మళ్ల తలుపు మూసిన. ఎందుకు మూసిన? గొంగడి మరిచింది మరుపే బిడ్డా. తలుపు మూసింది మరుపు గాదు.

శ్రావణంల వచ్చి తెరిచింది. చీర పట్టుకొని నిలవడ్డది, ఏడ్వలే. నేనే ముందు నోరు తెరిచిన.

"తడి బట్టలు పెట్టిపోయినవా బిడ్డా?"

తన చేతులు చూసుకున్నది. "పెట్టిన్నేమో అత్తమ్మా. ఆరినయనుకున్న."

నా మీద అనుమానపడ్డా బాగుండు. తన చేతుల మీద అనుమానపడ్డది. నా ఆడబిడ్డలు ఆమెకు తడిచేతుల కోడలని పేరు పెట్టిన్రు, నేను నవ్విన. వాళ్లమ్మ వచ్చి ఆ చీర కట్టవేందని అడిగితే, నేనే ఖరాబు చేసిన అమ్మా అని ఆమె చెప్తుంటే, నేను పక్కనే చాయ్ పోస్తున్న. అప్పుడన్న చెప్పొద్దా? రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట ఉంటే ఆ తల్లి కన్నుమూసింది. ఇగ ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె? ఆమె నన్ను ఎంత మంచిగ చూసుకుంటే ఆ తలుపు అంత బిగుసుకుంటది. లోపల నేనే ఉన్న. వానకాలమొస్తే ఆమె ఒక్కొక్క బట్టను చెంపకు ఆనిచ్చి తడున్నదా అని చూస్తది, నేను గోడ దిక్కు తిరిగి పంటున్న.

మాఫ్ చెయ్యమని రాయకు. గొంగడి నాది అని రాయి. రాసినవా? ఒకసారి చదువు. ఆఁ. ఊపిరి జర ఆడుతున్నది.

ఇగో, రొట్టె చల్లారుతున్నదని మీ అమ్మ పిలుస్తున్నది. వస్తున్న బిడ్డా, వస్తున్న. నువ్వు ఆ ఫోను మూయకు, పట్టుకొని నా ఎంబడి రా, ఆమె రొట్టె పెట్టంగనే నేనే చెప్త.