ఈ వారం నేనెవర్ని?

మా పాత కబడ్డీ జట్టు వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒకనాడు పొద్దున ఒక ముక్క వచ్చింది: "ప్రాక్టీసన్న పోయిండు. గుండెపోటు." కింద ముగ్గురు దండాలు పెట్టారు, ఇద్దరు "ఎవరు?" అని అడిగారు. ఆ "ఎవరు" చూసి నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళు ఆయన మీద పడి దొర్లినవాళ్ళే ఇద్దరూ. కోపంగా ఏదో టైపు చేయబోయి ఆగిపోయాను. ఆయన అసలు పేరు గుర్తు తెచ్చుకోవడానికి నాకూ కాసేపు పట్టింది మరి.

పటాన్‌చెరులో మా పంపుల కంపెనీ నడిచినన్నాళ్ళూ దానికో కబడ్డీ జట్టు ఉండేది. ఆదివారాలు సంగారెడ్డి గ్రౌండులో చుట్టుపక్కల కంపెనీలతో పోటీలు. నేను కెప్టెన్ని, ఎడమ మూల పట్టు నాది. మ్యాచ్‌కి పన్నెండు మంది పేర్లు రాసి ఇవ్వాలి, రాసేది నేనే. ఆ పన్నెండులో లేకుండా రోజూ మాతో ఆడే పదమూడో మనిషి ప్రాక్టీసన్న. ప్యాకింగ్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. వచ్చే ఆదివారం మేము తలపడే జట్టులో గట్టి కూతగాడు ఎవడో, వాడిలా మా మీదికి కూతకు రావడం ఆయన వంతు. అందుకోసం ముందు ఆదివారమే, మా మ్యాచ్ అయిపోయి మేమంతా ఇళ్ళకు పోయాక, ఒక్కడే గ్రౌండులో కూర్చుని మిగతా జట్లను చూసి పెట్టుకునేవాడు.

పన్నెండు మంది జెర్సీలకూ నంబర్లు వేయించారు, ఆయనకిచ్చింది వట్టిది. మాకు, ఆయనకు తేడా తెలియాలని దాన్ని లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి తొడుక్కునేవాడు. సోమవారం షిఫ్టు దిగగానే వచ్చి వీపు నావైపు తిప్పి, "ఈ వారం నేనెవర్ని తమ్మీ?" అనేవాడు. ఇనుము మీద గీతలు గీసే సుద్దతో నేను అవతలివాడి నంబరు ఆయన వీపు మీద రాసేవాణ్ణి. ఇక శనివారం దాకా ఆయన వాడే. నడక వాడిదే, దగ్గు కూడా వాడిదే. ఒక జట్టువాడికి నా మూలకు కాలు చాపే ముందు కుడి చెవి తడుముకునే అలవాటుందని పట్టింది ఆయనే. ఆ చెవి చూసే ఫైనల్లో వాడి చీలమండ దొరకబుచ్చుకున్నాను. నన్ను భుజాల మీద ఎత్తుకుని గ్రౌండంతా తిప్పారు. పైనుంచి చూస్తే ఆయన గీత అవతల నీళ్ళ డబ్బా పక్కన నిలబడి, తనే గెలిచినట్టు చప్పట్లు కొడుతున్నాడు.

మేమేడుగురం సాయంత్రానికి ముప్పై నలభై సార్లు ఆయన మీద పడేవాళ్ళం. "జెర మెల్లగ పట్టుండ్రిరా, రేపు ఈ నడుంతోనే డబ్బాలెత్తాలె" అని కిందనుంచే నవ్వేవాడు. ఎన్నడూ విసుక్కోలేదు. ఆయన బదులు నేనిప్పుడు విసుక్కుంటున్నాను, ఏం లాభం!

ఒకరోజు ప్రాక్టీసులో కూతకు వచ్చిన ఆయన ఉన్నట్టుండి నేల బారుగా వంగి, మా ఇద్దరి మధ్యలోంచి దూరి, నలుగురిని తాకి గీత దాటేశాడు. అంతకుముందు ఎవడి ఆటలోనూ అది చూడలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏందన్నా ఇది? ఆడు గట్ల ఆడడు! సక్కగ చెయ్యి!" అని అరిచాను.

ఆయన రొప్పుతూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "అది నాదే తమ్మీ. పొరపాటున వచ్చింది" అన్నాడు. అని వెనక్కి వెళ్ళి, మళ్ళీ వాడిలా కూతకు వచ్చాడు.

ఆ పొరపాటును మళ్ళీ ఎప్పుడూ చేయనివ్వలేదు నేను. అంత ఆట చేతిలో ఉంటే ఏ కెప్టెనైనా మ్యాచ్‌కి దించుతాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆరో ఏడు ఆయనే అడిగాడు: "ఒక్కపారి పన్నెండుల నా పేరు రాయరాదు? ఆడియ్యకున్నా మంచిదే, నంబరేసుకొని బల్ల మీద కూసుంట."

"నువ్వు ఆడవోయి కాలో చెయ్యో ఇరగ్గొట్టుకుంటే, వచ్చే వారం మాకెవరు జేస్తరే?" అన్నాను.

"గదీ నిజమే" అని, సుద్ద తీసి ఆయనే నా చేతికిచ్చాడు. పైయేడు చూద్దామన్నాను. పైయేటికి కాంట్రాక్టరు మారాడు, ఆయన్ని తీసేశారు. ఇంకొన్నాళ్ళకు కంపెనీయే మూతబడింది. నేనిప్పుడు అమీన్‌పూర్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తున్నాను. మోకాలు వంగదు.

పోయిన చలికాలం సుల్తాన్‌పూర్ చాయ్ బండి దగ్గర కలిశాడు. అక్కడి ఫ్యాక్టరీలో చేరాడట, మళ్ళీ కాంట్రాక్టే. కూర్చోకముందే ఫోను తీశాడు. అందులో అమెరికా ఫుట్‌బాల్ ఆడుతున్నారు, బంతిని చంకలో పెట్టుకుని ఉరికేది.

"సూడు తమ్మీ, గీళ్ళల్ల నాసొంటోళ్ళున్నరు. మా బిడ్డ సదివి చెప్పింది. ప్రాక్టీస్ స్క్వాడ్ అంటరంట. వారమంత టీముతోనే ఆడుతరు. వచ్చే మ్యాచ్ ఎవరితోనో ఆళ్ళలెక్క ఆడి, మనోళ్ళను తయారు చేస్తరు. మ్యాచ్ నాడు మాత్రం ఊకె సూసుడే. ఎప్పుడు తీసేస్తరో తెల్వది. ఇంకో టీమోడు మెచ్చితే అసలు జట్టులకు తీస్కపోతడు."

"మంచిగనే ఉందన్నా."

"ఇంకోటున్నదిరా. మ్యాచ్ నాడు ఒకర్నో ఇద్దర్నో పైకి తీసుకుంటరంట. ఆ పూటకు నంబరేసి దించుతరంట." నవ్వి, చాయ్ ఊదుకున్నాడు. ఒక్క మాట తిట్టినా నా ప్రాణం కుదుటపడేది. క్షమించమని అడుగుదామనుకున్నాను, ఆయన షిఫ్టు బస్సు వచ్చేసింది. మళ్ళీ కలిసినప్పుడు అడుగుదాంలే అనుకున్నాను.

ఆయన పోయిన పదో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. జట్టులోంచి వచ్చింది నేనొక్కణ్ణే. వాకిట్లో తీగ మీద ఉతికిన జెర్సీ ఆరేసి ఉంది. వదిన దాన్ని సరైన వైపుకు తిప్పి వేసింది. ఇన్నేళ్ళూ ఎండ తగలని వైపు అది, ఇచ్చిన రోజు ఎంత ఎర్రగా ఉందో అంతే ఎర్రగా ఉంది.

"ఫొటో కింద ఆయన నంబరు రాపిద్దామనుకుంటున్నం తమ్మీ" అంది వదిన. "ఆదివారమొస్తే మ్యాచున్నదని పొయ్యేటోడు, నేనెన్నడు రాకపోతి. ఈ బనీను మీద సూస్తె ఏం లేదు, మ్యాచ్‌ల తొడిగేది వేరే ఉండెనేమో. మీ జట్టుల ఆయన నంబరెంత?"

పన్నెండులో లేనని ఇంటి దగ్గర చెప్పుకోలేదన్నమాట.

"ఏడు వదినా" అన్నాను. అది నా నంబరు.

"ఏడంట బిడ్డా, రాసుకో" అని ఆమె లోపలికి కేకేసింది. తీగ మీద జెర్సీ గాలికి ఇటు తిరిగింది. వీపు మీద ఏమీ లేదు.