ఎండలో కాగని ఇంజిన్

నల్లమాడ దగ్గర మా చిన్నాయనకు టమాటాలు తోలే డీజిల్ వ్యానే జీవనాధారం. అది డీజిల్ తాగేస్తోంది, సోమవారం అమ్మేస్తానని ఆయన ఫోన్ చేస్తే బెంగళూరు నుంచి వచ్చాను. వచ్చిన గంటకే పెట్రోలు బంకులో గొడవ పెట్టుకున్నాను. కల్తీ చేస్తున్నారని అరుస్తూ ఫోన్‌లో వీడియో తీశాను. బంకతను సీసాలో డీజిల్ పట్టి చూపించాడు. తేటగానే ఉంది.

"సాలించు పాపా, నవ్వుతాండారు," అని చిన్నాయన నన్ను వ్యాను ఎక్కించి కదిరిలో మెకానిక్ దగ్గరికి బయల్దేరాడు.

మే నెల ఎండ. అయినా ఇంజిన్ వేడి చూపించే ముల్లు అడుగునే పడుకుని ఉంది.

"చూడు, ఇంత ఎండలోనూ లెయ్యదు. ఆయిలు కూడా తగ్గదు, పెరుగుతాండాది!" అన్నాడు మురిసిపోతూ.

ఆ మాటే మెకానిక్‌తోనూ అన్నాడు. అతను ఆయిల్ చూసే పుల్ల లాగి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టాడు. గుప్పున డీజిల్ వాసన.

"పెరిగింది ఆయిలు కాదన్నా, డీజిలు. ఇంజను బాగా కాగకుంటే డీజిలు పూర్తిగా మండదు. మిగిలింది కిందికి జారి ఆయిల్లో కలుస్తాది. ఆయిలు పల్చబడి లోపలంతా అరిగిపోతాది. థర్మోస్టాట్ ఉండాదా లేదా?"

ఇంజిన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న వాల్వు అది. బోల్టులు విప్పితే దాని చోటు ఖాళీ.

"ఎవరు పీకేశారు? మొహం చూపించమనండి!" అని వీడియో తీయడానికి ఫోన్ పైకెత్తాను.

"నేనే," అన్నాడు చిన్నాయన. "ఈడ అందరూ పీకేస్తారు గదా పాపా. ఈ ఎండకు ఇంజను కాలిపోతాదని..."

"ఏమప్పా, ఎండ బయట గదా! లోపల దాని వేడి దానికి ఉండాల్ల," అన్నాడు మెకానిక్.

నా చెయ్యి దిగిపోయింది. అనంతపురం ఎండల్లో ఒక ఇంజిన్ వేడి చాలక చస్తోందా?

కొత్త థర్మోస్టాట్, కొత్త ఆయిల్ పడ్డాయి. మెకానిక్ చాలాసేపు చెవి పెట్టి విని, "బతికింది. ఇంకో నెల తోలింటే కథ వేరే," అన్నాడు.

తిరుగుదారిలో ముల్లు లేచి మధ్యకు వచ్చింది. చిన్నాయన గాభరాపడి బండి ఆపేశాడు. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అది ఇంక పైకి పోకుండా అక్కడే నిలబడింది. కాసేపటికి ఆయన నా ఫోన్ అడిగి తీసుకుని, వ్యాను కొనేవాడికి చేశాడు.

"అన్నా, సోమవారం రావాకు. బండి ఇయ్యను."