భాగస్వామి అన్న మాట చెరిపేసిన టీచర్ గారు

మా తెలుగు బడి టీచర్ గారు పోయారు. మంగళవారం పొద్దున లంచ్ బాక్స్ సర్దుతుంటే ఫోన్ వచ్చింది. సిడ్నీలో, ఈ క్వేకర్స్ హిల్‌లో ఏళ్ల తరబడి, శనివారం శనివారం మన పిల్లల చేత గుణింతాలు దిద్దించిన మనిషి ఆమె. ఈ నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఊరుకోదు.

పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తే వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టేవారు, తెలుగు మాట వచ్చేదాకా అంతే. ‘ళ’ పలకనివాళ్లకి ఇంటికి వెళ్లే యోగం లేదు.

టీచర్ గారిని దింపి, క్లాసయ్యేదాకా కార్లోనే కూర్చునే ఒకామె ఉండేది. ఇక్కడే పుట్టిన మనిషి, బస్సు డ్రైవరు. ఇద్దరిదీ ఒకే ఇల్లని అందరికీ తెలుసు. మేం మాత్రం ‘ఫ్రెండ్’ అనేసి ఊరుకునేవాళ్లం.

ఒక శనివారం టీచర్ గారు స్వీట్లు తెచ్చారు. ఇద్దరూ తమ బంధాన్ని ప్రభుత్వ రిజిస్టర్లో రాయించుకున్నారట. ఇద్దరు ఆడవాళ్లకి అప్పటికి చట్టం అంతవరకే ఒప్పుకుంది, పెళ్లికి కాదు. ఆరోజు పాఠం చుట్టరికాలు. మా అమ్మాయి లేచి, "టీచర్, వాట్స్ పార్ట్‌నర్ ఇన్ తెలుగు?" అంది. ఆమె బోర్డు మీద ‘భాగస్వామి’ అని రాసి, తనే చెరిపేశారు.

"ఇది రైస్‌మిల్లులో వాటా ఉన్నవాళ్లని అనే మాటమ్మా," అన్నారు.

నా నోరు ఊరుకుంటేనా! "కాగితం వచ్చిందిగా టీచర్ గారూ, హాస్పిటల్లో, ఆఫీసుల్లో పనికొస్తుంది. ఇంకా పెళ్లి అన్న మాటెందుకండీ?" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. "కాగితం మంచిదే. గొళ్లెం తీశారు, లోపలికి రమ్మని ఇంకా అనలేదు. మాటలు నేర్పుకుని బతికేదాన్ని, మాటెందుకని నన్నే అడుగుతావా అమ్మా?" అన్నారు. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇలాంటి పెళ్లిళ్లు ఒప్పుకోవాలా వద్దా అని దేశమంతా పోస్టులో ఓటేసినప్పుడు మా వైపు వద్దన్నవాళ్లే ఎక్కువ. కొందరు పిల్లల్ని బడి మాన్పించారు కూడా. టీచర్ గారు మిగిలినవాళ్లకి ఎప్పటిలాగే పాఠం చెప్పారు. చట్టం మారాక ఇంటి పెరట్లోనే పెళ్లి చేసుకున్నారు. నేను పులిహోర చేసి పట్టుకెళ్లాను. క్షమించమని మాత్రం అడగలేకపోయాను.

చివరి వారం హాస్పిటల్లో టీచర్ గారి నోట ఇంగ్లీషు పోయింది, తెలుగే మిగిలింది. ఏమంటున్నారో తెలియక ఆ బస్సు డ్రైవరు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. పరుగున వెళ్లాను. యూనిఫాంలోనే మంచం పక్కన నిలబడి ఉంది. నిన్నటి నుంచి ఏమీ ముట్టకుండా ఇక్కడే ఉందని నర్సు చెప్పింది.

టీచర్ గారు కళ్లు మూసుకునే ఏదో అంటున్నారు. వంగి విన్నాను.

"మా ఆవిడ అన్నం తిందా?"

"వాట్ డిడ్ షి సే?" అంది ఆమె. ఎందుకండీ అని నేనడిగిన ఆ పెళ్లి మాటని నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"హ్యాజ్ మై వైఫ్ ఈటెన్, అని అడుగుతున్నారు," అన్నాను. ఏ భాషలో అంటున్నానో నాకే తెలియలేదు.

ఆమె టీచర్ గారి చెంపకి చెంప ఆనించి, వచ్చీరాని తెలుగులో, "తిన్నాను" అని అబద్ధం చెప్పింది.